రోస్టాక్ గోడ, పరాసుపేట గోడ

అమ్మ మూడు నెలల వీసా మీద జర్మనీలో మేముండే ఇంగోల్‌స్టాట్ వచ్చింది. నాన్న పోయి అప్పటికి ఏడాది దాటింది. వచ్చిన దగ్గర్నుంచి సెలవు దొరికినప్పుడల్లా ఏదో ఒకటి చూపిస్తూనే ఉన్నాం. మ్యూనిక్‌లో రాజుల మేడలు, మంచు కొండలు, కొండ మీద కోట. ప్రతి చోటా అమ్మ కాసేపు నిలబడి చూసి, “బాగుంది” అని, కూర్చోవడానికి బెంచీ ఎక్కడుందా అని వెతుక్కునేది. ఒక ఆదివారం పొద్దున నేను దోసెలు పోస్తుంటే వెనకాల నిలబడి, “ఆ తాపీ ఆవిడుండే ఊరు ఇక్కడికెంత దూరమే?” అని అడిగింది. నెల రోజుల్లో తనంతట తాను అడిగింది అదొక్కటే.

ఆ ఊరు రోస్టాక్. దేశానికి ఉత్తరపు కొసన సముద్రం పక్కన ఉంటుంది. మేముండేది దక్షిణాన. బెర్లిన్‌లో రైలు మారి వెళ్ళాలి, దాదాపు రోజంతా పడుతుంది. “ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది కదమ్మా, ఇప్పుడక్కడ ఎవరున్నారు?” అన్నాను. “ఆవిడ పోతే పోయింది. గోడ ఉంటుందిగా,” అంది అమ్మ. నా కూతురు నిత్య కూడా వస్తానంది. దానికి పదిహేనేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు జర్మన్‌లోనే చెబుతుంది. దానికి కావలసింది సముద్రం. అలా ముగ్గురం, అమ్మ కలిపిన పులిహోర డబ్బాతో రైలెక్కాం. కిటికీలోంచి చేలు, గాలిమరలు వెనక్కి పోతుంటే నేను మాత్రం ఇరవై మూడేళ్ళ వయసులో ఒక పెట్టెతో ఆ ఊళ్ళో దిగిన రోజులే తలుచుకుంటూ కూర్చున్నాను.

నేను వెళ్ళింది ఎలక్ట్రికల్‌లో మాస్టర్స్ చేయడానికి. అప్పటికి ఆ ఊరు మొత్తం మీద తెలుగువాళ్ళం నలుగురం. రోస్టాక్ పాతకాలపు రేవు పట్టణం. నది సముద్రంలో కలవబోయే ముందు వెడల్పుగా పరుచుకునే చోట వందల ఏళ్ళ కిందట వర్తకులు కట్టుకున్న ఊరు. ఊరి చుట్టూ ఎర్ర ఇటుకల గోడ, గోడకి గోపురాల్లాంటి ద్వారాలు ఉండేవట. యుద్ధంలో కొంత, కొత్త రోడ్లకి కొంత పోగా అక్కడక్కడా పొడుగాటి ముక్కలు మిగిలాయి. ఒకచోట కాపలావాళ్ళు నడిచే చెక్క వసారా, దాని మీద పెంకుల చూరు కూడా ఉన్నాయి. నాకు గది దొరికింది ఆ గోడ పక్క సందులోనే. అటక మీద ఏటవాలు గది, కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ, గోడ మీద సముద్రపు కాకులు. ఇంటావిడ ఫ్రావ్ యాన్సెన్, అంటే శ్రీమతి యాన్సెన్, డెబ్బై ఏళ్ళ వితంతువు. పొడగరి, భుజాలు వెడల్పు, వేళ్ళు లావు. మొదటి రోజు చేయి కలిపినప్పుడు ఆ అరచెయ్యి గరుకుగా తగిలి, ఈ చెయ్యి నాకు తెలిసినదేనని అనిపించింది. ఎందుకు తెలుసో వెంటనే తట్టలేదు.

ఆ ఇంట్లో ప్రతి పనికీ ఒక వేళ ఉండేది. పొద్దున్నే ఆవిడ కింద బొగ్గు పొయ్యి రాజేసిన వాసన మెట్ల మీదుగా నా గదిలోకి వచ్చేది. అణిచిన బొగ్గు దిమ్మలు, ఇటుకల్లాగే ఉండేవి, వాటిని పాత పేపర్లో చుట్టి పొయ్యిలో పెట్టేది. బూడిద డబ్బా బయట పెట్టడం సోమవారాలు ఆవిడ వంతు, గురువారాలు నా వంతు. శనివారం మెట్లు తడిగుడ్డతో తుడవాలి, అందులో మినహాయింపు లేదు. మధ్యాహ్నం మూడింటికి కాఫీ, ఆరింటికి రొట్టె ముక్కలు, చీజు, ఉప్పు చేప. సాయంత్రం పొయ్యి వెలిగించి వండుకోవడమన్నది ఆవిడకి వింత. నేను ఎండుమిర్చి వేసి పోపు పెట్టినప్పుడల్లా దగ్గుకుంటూ వచ్చి కిటికీలన్నీ తెరిచేది గానీ, మానమని ఒక్కసారీ అనలేదు. పెరుగన్నం మాత్రం ఇష్టంగా తినేది, చక్కెర వేసుకుని. ఇంకొక అలవాటు ఉండేది. ఏ గోడ పక్కనించి వెళ్ళినా వేలి కణుపుతో టక్కున ఒక దెబ్బ కొట్టి చెవి ఒగ్గి వినేది. పోస్టాఫీసైనా సరే, డాక్టరు గదైనా సరే. ఆ చప్పుడులోనే లోపలి పూత పట్టు ఉందో వదిలిందో తెలుస్తుందని తరవాతెప్పుడో చెప్పింది.

మొదటి ఆదివారం కాఫీకి పిలిచి, “మీ నాన్నగారేం చేస్తారు?” అని అడిగింది. “సివిల్ ఇంజినీరు,” అన్నాను. “అమ్మగారు?” “ఏమీ చెయ్యదు. ఇంట్లోనే.” ఆవిడ మొహం విప్పారింది. “అయితే మనది ఒకే రంగం. నేను ముప్పై ఐదేళ్ళు తాపీ పని చేశాను,” అంది. యుద్ధం అయ్యాక బాంబులు పడ్డ ఇళ్ళ దగ్గర ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఇటుకలకి అంటిన పాత సున్నం సుత్తితో కొట్టి రాల్చేవారట. పిల్లగా తల్లితో పాటు అక్కడ కూర్చున్న ఈవిడ, కాస్త పెద్దదయ్యాక చేతిలోకి తాపీ తీసుకుంది. ఈ ఊరి పాత గోడ మరమ్మతు చేసిన జట్టులో ఆవిడ ఏళ్ళ తరబడి ఉంది. కిటికీలోంచి చూపించి, “ఆ బురుజు దగ్గర్నుంచి ఈ మూల దాకా పై తొమ్మిది వరసలు మావి,” అంది. నా చేతిలో కప్పు కాలుతోంది. ఆడమనిషి తాపీ పట్టడం నేను అప్పటిదాకా వినలేదు. అంతకన్నా, నేను అప్పుడే చెప్పింది అబద్ధం.

మాది బందరు. అదీ రేవు పట్టణమే. ఒకప్పుడు డచ్చివాళ్ళు, పరాసులనే ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు దిగిన రేవు, వాళ్ళ పేర్లు ఇప్పటికీ పేటలకి ఉన్నాయి. నాన్న సాంబయ్య తాపీ మేస్త్రి. అమ్మ ఆయన దగ్గరే పని చేసేది, సున్నమూ ఇసకా నీళ్ళతో మాలు కలిపి తట్టలో ఎత్తుకుని పరంజా కిందికి మోసుకెళ్ళేది. మా ఇంట్లో రోజు సున్నపు వాసనతో మొదలై సున్నపు వాసనతోనే ముగిసేది. సాయంత్రం ఇద్దరూ పెరట్లో గోలెం దగ్గర కూర్చుని కాళ్ళూ చేతులూ కడుక్కునేవాళ్ళు. అమ్మ మొదట నాన్న వేళ్ళకి ఆముదం రాసేది, తరవాత తనవి. నాన్న తాపీనీ, మట్టం చూసే రసమట్టాన్నీ, నిలువు చూసే గుండునూలునీ కడిగి గుడ్డతో తుడిచి గూట్లో పెట్టేవాడు. ఆ గూడు ముట్టుకోనిచ్చేవాడు కాదు. అన్నం తింటూ ఇద్దరూ పని మాటలే మాట్లాడుకునేవాళ్ళు. ఇసక చాలా సన్నంగా ఉందనీ, ఇటుక సరిగ్గా కాలలేదనీ. పాతకాలపు ఇళ్ళ మరమ్మతు వస్తే గానుగలో రుబ్బిన సున్నం కావాలనేవారు. అప్పుడు కరక్కాయలు నానేసిన నీళ్ళ వాసన, బెల్లం కరిగిన వాసన ఇల్లంతా ఉండేది. మాలు పదును చూడటంలో బందరులో అమ్మ తరవాతే ఎవరైనా అని నాన్నే అనేవాడు. తట్టలోంచి కాస్త తీసి బొటనవేలితో నలిపి, “ఇంకో చెంబు,” అనేది. ఆ చెంబు పోశాక ఇంక సరిదిద్దే పని ఉండేది కాదు.

కాలేజీలో చేరిన దగ్గర్నుంచి ఎవరడిగినా నాన్న ఇంజినీరనే చెప్పాను. మొదట ఒక స్నేహితురాలికి చెప్పాను, తరవాత అది నా జాతకంలో రాసినట్టే అయిపోయింది. జర్మనీలో తోటి తెలుగువాళ్ళు ముగ్గురూ ఉద్యోగస్తుల పిల్లలు. వాళ్ళ ముందు మాట మార్చే ధైర్యం లేకపోయింది. దూరదేశంలో ఎవరికి తెలుస్తుందన్న ధీమా కూడా ఉంది.

బయటపడింది వసంతంలో. ఆ చలికాలం మంచుకి ఫ్రావ్ యాన్సెన్ పెరటి గోడ ఒక మూల పగిలి ఒరిగింది. ఎవర్నీ పిలవలేదు. మే నెలలో ఒక శనివారం పాత బూట్లు వేసుకుని తనే దిగింది. మెట్లు తుడవడం అయ్యాక నేను సాయానికి వెళ్ళాను. ఒరిగిన ఇటుకలు విప్పి, పాత సున్నం గోకి, ఒక పక్కన పేర్చాం. ఆవిడ రెండో సున్నం బస్తా తేవడానికి షెడ్డులోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి నేను ఇటుకల్ని తొట్టెలో నీళ్ళలో వేసి నానబెట్టాను. ఇసకలో సున్నం కలిపి మధ్యలో గుంట చేసి నీళ్ళు పోసి, అంచుల్నించి లోపలికి మడుస్తున్నాను. కాస్త తీసి బొటనవేలితో నలిపి చూసుకుంటుంటే నా నీడ మీద ఇంకో నీడ పడింది.

“ఇంజినీర్లకి ఇది రాదు. ఎవరు నేర్పారు?” అని అడిగింది.

అబద్ధం ఇంకొకటి దొరక్కపోలేదు. నాన్న పని జరిగే చోట చూశానని చెప్పొచ్చు. కానీ చేతులనిండా సున్నం ఉండగా ఆ మాట రాలేదు. నాన్న మేస్త్రి అనీ, అమ్మ మాలు కలిపి మోస్తుందనీ, వాళ్ళిద్దరి సంపాదన మీదే చదువుకున్నాననీ చెప్పేశాను. ఆవిడ బస్తా కింద పెట్టింది. కోపమొస్తుందనుకున్నాను. నా మొహంలోకి చూసి, “నాన్నగారి పని కాస్త పెద్దది చేసి చెప్పారు. అది అందరూ చేస్తారు. అమ్మగారు మాత్రం ఏమీ చెయ్యరన్నారు,” అంది. అంతే. తొట్టెలోంచి ఇటుక తీసి నీళ్ళు విదిలించి పని మొదలెట్టింది. ఆ రోజు సాయంత్రం దాకా మేమిద్దరం పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. గోడ లేచింది. అమ్మ నెత్తి మీది తట్ట ఎప్పుడూ నా కళ్ళెదురుగానే ఉంది. ఐనా ‘ఏమీ చెయ్యదు’ అన్న మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుని ఆ వారమంతా సిగ్గుతో కుంగిపోయాను.

తరవాతి ఆదివారం కాఫీ అయ్యాక, “మీ అమ్మగారితో మాట్లాడాలి. సున్నం పగలకుండా మీ వైపు అందులో ఏం కలుపుతారో అడగాలి,” అంది ఫ్రావ్ యాన్సెన్. మా ఇంట్లో ఫోను లేదు. ఎదురుగా కిరాణా కొట్టుకి చేస్తే వాళ్ళు కేకేసి పిలిచేవారు. హాల్లో ఆవిడ ఫోను ముందు కూర్చుని కాలింగ్ కార్డు నంబర్లన్నీ నొక్కి చేశాను. అక్కడ చీకటి పడుతోంది. నాన్న పనికి గుడివాడ వెళ్ళాడట. అమ్మ పరిగెత్తుకొచ్చింది, ఏమైందోనని. విషయం చెప్పాను.

“తాపీ పని చేసేదా? ఆవిడా?” అంది అమ్మ.

“అవునమ్మా. ముప్పై ఐదేళ్ళు.”

“మాలు మొయ్యడం కాదూ? గోడ పెట్టడమే?”

“గోడ పెట్టడమే.”

తరవాత కరక్కాయల సంగతి, బెల్లం నీళ్ళ సంగతి, సున్నం ఎన్నాళ్ళు నానాలో అన్నీ చెప్పింది. నేను ఒక్కొక్కటే జర్మన్‌లో చెబుతుంటే ఫ్రావ్ యాన్సెన్ కవరు వెనక రాసుకుంది. కరక్కాయకి జర్మన్ మాట నాకు తెలియదు, వగరు కాయ అన్నాను. అంతా అయ్యాక అమ్మ, “ఆవిడ మొగుడేమనేవాడో అడుగు,” అంది. అడిగాను.

“ఆయన రొట్టెలు కాల్చేవాడు. ఇంట్లోకొచ్చే ముందు బూట్లు తుడుచుకోమనేవాడు,” అంది ఫ్రావ్ యాన్సెన్.

అది చెబితే అమ్మ నవ్వింది. నవ్వు ఆగాక గొంతు తగ్గించి, “నేనూ పెట్టానే, గోడ,” అంది.

నాకు పదేళ్ళప్పుడు నాన్నకి పచ్చకామెర్లు వచ్చి నెల పైన మంచం మీద ఉన్నాడు. అప్పటికి పరాసుపేటలో ఒక రిటైరైన హెడ్మాస్టారి ఇంటి ప్రహరీ సగంలో ఉంది. ఆ ఇంటివాళ్ళు తీర్థయాత్రలకి వెళ్ళారు. వాళ్ళొచ్చేసరికి ప్రహరీ పూర్తి కావాలి, లేకపోతే పని ఇంకొకరికి పోతుంది. అమ్మ రోజూ మధ్యాహ్నం వీధి వీధంతా తలుపులేసుకుని కునుకు తీసే వేళ, గూట్లోంచి తాపీ, గుండునూలు తీసుకుని వెళ్ళేదట. తనే మాలు కలుపుకుని, తనే మోసుకుని, తనే వరసలు పెట్టేదట. సాయంత్రం వచ్చి నాన్న మంచం పక్కన కూర్చుంటే ఆయన కళ్ళు మూసుకునే, ఎన్ని వరసలయ్యాయి, మూల ఎలా తిప్పావని అడిగేవాడట. నేను బడిలో ఉన్న వేళల్లో నాన్నే కాస్త కోలుకుని వెళ్ళి చేస్తున్నాడనుకున్నాను. హెడ్మాస్టారు యాత్రల నుంచి వచ్చి గోడ చూసిన రోజు నేనూ అక్కడున్నాను. “మేస్త్రీ, వరసలు గీత గీసినట్టున్నాయయ్యా,” అన్నారాయన. నాన్న తల వంచుకున్నాడు. పక్కనే ఖాళీ తట్ట చంకలో పెట్టుకుని అమ్మ నిలబడి ఉంది. నాన్నది వినయమనుకున్నాను.

“ఎందుకు చెప్పలేదమ్మా ఎవరికీ?”

“ఆడది పెట్టిన గోడంటే ఇల్లు కట్టించుకునేవాళ్ళు ఊరుకుంటారా? మళ్ళీ మీ నాన్నని పిలుస్తారా?” అంది.

మా మాటలు అర్థంకాని ఫ్రావ్ యాన్సెన్ నా మొహం చూసి, “ఏమంటున్నారు?” అని అడిగింది. చెప్పాను. ఆవిడ అయ్యో అనలేదు, ఆహా అనలేదు. “ఎంత పొడుగు?” అంది. అమ్మ నలభై అడుగులంది. “తిన్నగా ఉందా?” ఉందట. “ఇప్పటికీ నిలబడి ఉందా?” ఉందట. ఫ్రావ్ యాన్సెన్ తల ఊపి, ఆ వివరాలు కూడా కవరు మీద కరక్కాయల కిందే రాసుకుంది.

చదువయ్యి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి నాన్నని అడిగాను. పెరట్లో గోలెం దగ్గర ఉన్నాడు. “చెప్పిందా? మంచిదేలే,” అన్నాడు. చాలాసేపు చేతులు తోముకుని, “జనం ఏమనుకుంటారోనని మీ అమ్మ అనుకుంది. నాకదొక్కటే కాదు. దాని వరసలు నావాటికన్నా సూటిగా వచ్చాయి. అది చెప్పుకోడానికి నాకు నోరు రాలేదు,” అన్నాడు. అమ్మ వంటింట్లో ఉంది. వినపడే ఉంటుంది.

రోస్టాక్ స్టేషన్‌లో దిగేసరికి ప్లాట్‌ఫారం మీద నలుగురైదుగురు తెలుగు పిల్లలు, చేతుల్లో బియ్యం సంచులు. “ఆన్మెల్డుంగ్ అయిందారా?” “యాడ, టెర్మిన్ దొరికితే గద,” అని ఊళ్ళో చిరునామా నమోదుకి అపాయింట్‌మెంటు దొరకని గొడవ మాట్లాడుకుంటున్నారు. అమ్మ వెనక్కి తిరిగి తిరిగి చూసింది. మేం నలుగురం ఒకరి గదిలో ఒకరం పప్పు పంచుకుతిన్న ఊళ్ళో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో. ఆ పిల్లల్లో ఒకమ్మాయి అమ్మతో మాట కలిపింది. వాళ్ళది జనగామ దగ్గర ఊరట, నాన్న లారీ నడుపుతాడట. అడక్కుండానే చెప్పింది, నవ్వుతూ. ఆ వయసులో నాకు ఆ నవ్వు లేదు. మా సందు కూడా మారిపోయింది. బొగ్గు వాసన లేదు, ఇళ్ళకి లేత పసుపు రంగులు, ఫ్రావ్ యాన్సెన్ ఇంటి తలుపు మీద సెలవుల అద్దెకి ఇస్తామన్న బోర్డు. పరాసుపేటలో ఆ ప్రహరీ కొట్టేసి అపార్టుమెంటు కట్టి చాలాకాలమైంది. అది కూల్చినప్పుడు చూసి రావడానికి కూడా అమ్మ వెళ్ళలేదు. వీధి మారినా, ఇంటివాళ్ళు మారినా పాత గోడని నిలబెట్టుకోవాలనుకునే ఊళ్ళు వేరు. అవసరం తీరాక పక్కకి తోసేసే ఊళ్ళు వేరు. మాది రెండో రకం. అలా అని బందరు మీద నాకు కోపమేమీ లేదు, అక్కడ ఇరుకింట్లో ఉండి చూసినదాన్ని కాబట్టి.

గోడ దగ్గర అమ్మ బెంచీ వెతకలేదు. చెప్పుల్లో కాళ్ళు ఈడ్చుకుంటూ గోడ వెంబడే నడిచింది. చేత్తో తడిమింది, వంగి అడుగు రాళ్ళు చూసింది. ఒకచోట ఆగి, “ఇక్కడెవడో సిమెంటు పూశాడు. చూడు, ఇటుక పొట్టు లేచిపోతోంది,” అంది. నిత్య ఫోనులోంచి తలెత్తింది. కాస్త అవతల పరంజా కట్టి ఉంది. దాని మీద పాతికేళ్ళ అమ్మాయి, ఒంటి నిండా తెల్లటి దుమ్ముతో, సరిగ్గా అలాంటి సిమెంటు పూతనే ఉలితో కొట్టి తీసేస్తోంది. చీర కట్టుకున్న పెద్దావిడ గోడని అంత పట్టి పట్టి చూడటం గమనించి కిందికి దిగి, అమ్మ వేలు పెట్టిన చోటు తనూ చూసింది. “అవును, తరవాత ఇక్కడే మా పని,” అంది. తరవాత నిత్యతో, “మీ అమ్మమ్మగారిది కూడా ఈ పనేనా?” అంది.

నేను నోరు తెరిచాను. ఎక్కడ మొదలెట్టాలో తేల్చుకునే లోపల నిత్య, “అవును, మా అమ్మమ్మ గోడలు కట్టేది, నలభై ఏళ్ళు,” అని జర్మన్‌లో చెప్పేసింది. ఆ అమ్మాయి తలమీది హెల్మెట్ తీసి అమ్మకి చెయ్యి అందించింది. అమ్మ ఆ చెయ్యి పట్టుకునే నిత్య వైపు తిరిగింది.

“ఏం చెప్పావే?”

నిత్య తెలుగులో కూడదీసుకుని చెప్పింది.

“కాదు,” అంది అమ్మ. “తట్ట మోసింది నలభై ఏళ్ళు. తాపీ పట్టింది పద్దెనిమిది రోజులు. రెండూ చెప్పు. కలిపి చెప్పకు.”

నిత్య ఆ రెండు లెక్కలూ విడివిడిగా, ఒకదాని తరవాత ఒకటి చెప్పింది. ఆ అమ్మాయి చెయ్యి వదల్లేదు. పద్దెనిమిది రోజుల్లో ఎంత గోడ లేచిందని అడిగింది.